అలల మీద ఆకాశం - 9: పొరపాటు లెక్క కట్టించిన పళ్ళెం

గత భాగంలో మనం 1924 డిసెంబరులో ఆగాం. బోర్న్‌మత్‌లోని బీబీసీ ట్రాన్స్‌మిటర్ రోజువారీ కార్యక్రమాలు ముగిశాక అల పొడవును కొద్దికొద్దిగా మారుస్తూ ప్రసారం చేసింది. ఆక్స్‌ఫర్డ్‌లో రిసీవర్ దగ్గర కూర్చున్న ఎడ్వర్డ్ ఆపిల్టన్, మైల్స్ బార్నెట్ ఆ అల ఎన్నిసార్లు బలపడిందో, ఎన్నిసార్లు నీరసించిందో లెక్కపెట్టి, సుమారు వంద కిలోమీటర్ల ఎత్తున విద్యుత్తు పొర ఉందని తేల్చారు. మరుసటి ఏడాది అమెరికాలో గ్రెగరీ బ్రైట్, మెర్ల్ ట్యూవ్ రేడియో అలను తునకలు తునకలుగా పైకి పంపి, తిరిగొచ్చిన వేళను బట్టి ఎత్తు కొలిచారు. ఆ రెండు ప్రయోగాల వారసత్వమే ఐనోసోండ్ అనే యంత్రం. ముప్ఫైల నుంచి యాభైల దాకా ఆకాశపు విద్యుత్తు గురించి ప్రపంచానికి తెలిసిందంతా దాదాపు ఆ యంత్రం చెప్పిందే. కలకత్తాలో శిశిర్ కుమార్ మిత్రా బృందం, వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ బి. రామచంద్రరావు నడిపిన ప్రయోగశాల కూడా ఆ విద్యుత్తు పొరల, అంటే అయనావరణపు, పరిశోధనలో పేరు తెచ్చుకున్నవే.

కానీ ఐనోసోండ్‌కు ఒక హద్దుంది. ఎలక్ట్రాన్లు అన్నిటికన్నా దట్టంగా ఉండేది సుమారు 300 కిలోమీటర్ల ఎత్తున. తక్కువ పౌనఃపున్యపు అల అక్కడికి చేరేలోపే వెనుదిరుగుతుంది. ఎక్కువ పౌనఃపున్యపు అల ఆ పొరను చీల్చుకుని అంతరిక్షంలోకి పోతుంది, మళ్ళీ రాదు. అంటే ఆ శిఖరానికి పైనున్న భాగమంతా నేల మీది మనిషికి కనపడదు. ఇంతకన్నా పెద్ద లోటు ఇంకొకటి. ఆ ఎత్తుల్లో వేడి ఎంత? ఎలక్ట్రాన్లు ఎన్ని ఉన్నాయో ఐనోసోండ్ చెప్పగలదు గానీ అవి ఎంత వేడిగా ఉన్నాయో సూటిగా చెప్పలేదు. థర్మామీటరును రాకెట్‌లో పెట్టి పంపినా లాభం లేదు. అక్కడ గాలి ఎంత పలచనంటే, థర్మామీటరును తాకే అణువులు దాన్ని వేడెక్కించేపాటి ఉండవు. అది చూపించేది ఎండ వల్ల దానికే పుట్టిన వేడి. ఆ ఎత్తులో ఉష్ణోగ్రత అంటే కణాలు ఎంత వేగంగా కదులుతున్నాయన్నదే. ఆ వేగాన్ని నేల మీద నుంచి పట్టుకోవడం ఎలా?

ఇది పండితుల ముచ్చట మాత్రమే కాదు. 1979 వేసవిలో స్కైలాబ్ అనే అంతరిక్షశాల నెత్తిన పడుతుందని మన పల్లెలు వణికిపోయిన సంగతి పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. ఎలాగూ పోతామని కోళ్ళూ మేకలూ కోసుకు తిన్న ఊళ్ళున్నాయి, ఆ ఏడు పుట్టిన పిల్లలకు స్కైలాబ్ అని పేరు పెట్టుకున్న ఇళ్ళున్నాయి. ఆ అంతరిక్షశాల అనుకున్న దానికన్నా ముందే కూలడానికి కారణం పై గాలి వేడి. సూర్యుడు అంచనాలకు మించి చురుగ్గా ఉండడంతో పైపొరలు వేడెక్కి ఉబ్బాయి. స్కైలాబ్ తిరిగే ఎత్తున గాలి చిక్కబడి, దాని వేగాన్ని కొరుక్కుతింది. జులై 11న అది హిందూ మహాసముద్రంలోనూ ఆస్ట్రేలియా నేల మీదా ముక్కలుగా పడింది. పైన వేడి ఎంతో తెలియకపోతే కింద ఏమవుతుందో కూడా సరిగ్గా చెప్పలేమని ఆ వేసవి రుజువు చేసింది.

ఆ వేడిని నేల మీద నుంచి చూసే దారి దొరికింది దానికి ఇరవై ఒక్క ఏళ్ళ ముందు, 1958లో. దొరికిన తీరే ఈ భాగం కథ.

* * *

1958 నాటి వాతావరణం ఒకసారి గుర్తు చేసుకోవాలి. అంతకు ముందరి అక్టోబరు 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ఎగరేసింది. అమెరికా ఉలిక్కిపడింది. ఉపగ్రహాన్ని మోసుకెళ్ళిన రాకెట్ బాంబును కూడా మోసుకెళ్ళగలదు. ఆ క్షిపణులు ప్రయాణించేది సరిగ్గా ఎవరికీ తెలియని ఆ పై ఆకాశంలోంచే. 1958 ఫిబ్రవరిలో అమెరికా రక్షణశాఖ ఆర్పా అనే కొత్త సంస్థను పెట్టి, కొత్త ఆలోచనలకు డబ్బు పోయడం మొదలుపెట్టింది. మరో పక్క అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం నడుస్తోంది. పదుల సంఖ్యలో దేశాల శాస్త్రవేత్తలు భూమిని, ఆకాశాన్ని ఏకకాలంలో కొలుస్తున్నారు. భయమూ కుతూహలమూ ఒకే ఖజానా తలుపు తట్టిన కాలమది.

న్యూయార్క్ రాష్ట్రంలోని ఇతాకాలో కోర్నెల్ విశ్వవిద్యాలయం. అక్కడ ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్ విలియం గోర్డన్. గాలిలోని సుడుల వల్ల రేడియో అలలు ఎలా చెదురుతాయో సహోద్యోగి హెన్రీ బుకర్‌తో కలిసి సిద్ధాంతం రాసి, అప్పటికే పేరు తెచ్చుకున్నాడు. ఇప్పుడు ఆయన మనసులో పడిన ఆలోచన వేరు. అయనావరణం అలను అద్దంలా తిప్పి పంపుతుందని మనం చూశాం. ఆ అద్దాన్ని చీల్చుకుని పోయే అల మాత్రం మొత్తానికి మొత్తం పోతుందా? దారిలో తగిలిన ప్రతి ఎలక్ట్రానూ ఆ అలలోంచి రవ్వంత శక్తిని తీసుకుని అన్ని దిక్కులకూ వెదజల్లాలి కదా? ఎలక్ట్రాన్‌ను కనిపెట్టిన జె.జె. థామ్సనే ఇరవయ్యో శతాబ్ది తొలి ఏళ్ళలో ఈ వెదజల్లడానికి లెక్క కట్టి పెట్టాడు. ఒక్కో ఎలక్ట్రాన్ తన దారిన తాను, పక్కదానితో పొందిక లేకుండా చెదరగొడుతుంది గనుక దీన్ని ఇన్‌కోహరెంట్ స్కాటర్ అన్నారు.

ఆ శక్తి ఎంతో తెలిస్తే గోర్డన్ సాహసం అర్థమవుతుంది. ఒక చదరపు మీటరును, ఒకటి పక్కన 28 సున్నాలు పెడితే వచ్చినన్ని ముక్కలు చేస్తే, అందులో ఒక్క ముక్కంత ఉంటుంది రాడార్ కంటికి ఒక ఎలక్ట్రాన్. పట్టపగలు, శిఖరం దగ్గర, ఒక ఘనపు మీటరులో సుమారు లక్ష కోట్ల ఎలక్ట్రాన్లుంటాయి. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి కిలోమీటర్లున్న ఆకాశపు ముక్కను తీసుకుని, అందులోని ఎలక్ట్రాన్లన్నిటినీ కూడినా వచ్చేది ఒక్క చదరపు సెంటీమీటరు. 300 కిలోమీటర్ల దూరాన చిటికెనవేలి గోరంత వస్తువును రాడార్‌తో పట్టుకోవడమన్నమాట. అసాధ్యమని వదిలేయాల్సిన లెక్క అది. గోర్డన్ వదల్లేదు. ఎంత పెద్ద యాంటెన్నా, ఎంత శక్తిగల ట్రాన్స్‌మిటర్ ఉంటే సాధ్యమో కూర్చుని తేల్చాడు.

ఆ లెక్కలో ఉష్ణోగ్రతది కీలక పాత్ర. మన వైపు వచ్చే ఎలక్ట్రాన్ తిప్పి పంపే అల పౌనఃపున్యం కాస్త పెరుగుతుంది, దూరం పోయేదానిది కాస్త తగ్గుతుంది. ఇది డాప్లర్ ఫలితం. ఎలక్ట్రాన్లు అన్ని దిక్కులకూ పరుగులు పెడుతుంటాయి గనుక, ఒకే పౌనఃపున్యంలో పంపిన అల రెండు వైపులా విస్తరించి తిరిగొస్తుంది. ఎంత వేడి ఉంటే అంత పరుగు, ఎంత పరుగు ఉంటే అంత విస్తరణ. తిరిగొచ్చిన ప్రతిధ్వని వెడల్పు కొలిస్తే ఉష్ణోగ్రత చేతికొచ్చినట్టే. ఆలోచన ఇంతే. కానీ ఎలక్ట్రాన్లు సెకనుకు నూరు కిలోమీటర్లకు పైగా వేగంతో తిరిగే తేలిక కణాలు. వాటి నుంచి వచ్చే ప్రతిధ్వని చాలా వెడల్పుగా పరుచుకుపోవాలి. అసలే గోరంత శక్తి, అదీ అంత వెడల్పున పలచబడితే రిసీవర్ సొంత రొదలో కలిసిపోతుంది. దాన్ని వేరు చేయాలంటే యాంటెన్నా వ్యాసం వెయ్యి అడుగులుండాలని గోర్డన్ తేల్చాడు. మన లెక్కలో 305 మీటర్లు. అంత పళ్ళెం అప్పటికి భూమ్మీద ఎక్కడా లేదు.

ఆయన వ్యాసం 1958 నవంబరులో అచ్చయింది. అచ్చయ్యే లోపే పందెం ఇంకొకరు గెలిచారు.

* * *

కెన్నెత్ బౌల్స్ కోర్నెల్‌లోనే డాక్టరేటు చేసి, కొలరాడోలోని బోల్డర్‌లో నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో చేరిన యువకుడు. గోర్డన్ ఆలోచన ఆయన చెవిన పడింది. వెయ్యి అడుగుల పళ్ళెం కట్టేదాకా ఆగడం ఆయన స్వభావం కాదు. ఉన్నవాటితోనే చూద్దామనుకున్నాడు. ఇల్లినాయ్ రాష్ట్రంలో హవానా అనే చిన్న ఊరి పక్కన, లాంగ్ బ్రాంచ్ అనేచోట బ్యూరో వారి కేంద్రంలో శక్తిమంతమైన ట్రాన్స్‌మిటర్ ఒకటి ఉంది, 41 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసేది. కొరత యాంటెన్నాదే. బౌల్స్ పొలంలాంటి ఆ చదును నేల మీద 116 మీటర్ల వెడల్పు, 140 మీటర్ల పొడవు మేర వరసలు వరసలుగా తీగ యాంటెన్నాలు పరిపించాడు. మొత్తం 1024 డైపోల్‌లు. (ఈ అంకెను గుర్తుంచుకోండి, మన తెలుగు నేల మీద మళ్ళీ కలుస్తుంది.) కదిలేది కాదు, అందంగా ఉండేదీ కాదు. నిటారుగా పైకి మాత్రమే చూడగలదు. కానీ కొద్ది వారాల్లో తయారైంది.

అప్పటి కొలత పని ఎలా ఉండేదో ఇప్పటివారికి ఊహకందదు. కంప్యూటర్లు లేవు. తిరిగొచ్చిన సంకేతాన్ని ఆసిలోస్కోపు తెర మీద గీతగా చూడాలి. ఒక్కో తునకకు వచ్చే ప్రతిధ్వని రొదలో మునిగి ఉంటుంది. బౌల్స్ కెమెరా కన్నును కొన్ని సెకన్ల పాటు తెరిచే ఉంచాడు. ఆ సెకన్లలో వచ్చిన గీతలన్నీ ఒకే ఫిల్ము ముక్క మీద ఒకదానిపై ఒకటి పడ్డాయి. రొద అటూ ఇటూ చెదిరి సర్దుకుంది. ఎప్పుడూ ఉండే ప్రతిధ్వని మాత్రం ఉబ్బుగా నిలిచింది. కంప్యూటర్ చేయాల్సిన సగటును ఫొటో ఫిల్ముతో చేయించాడు. ఆ ఉబ్బు ఉన్నది శిఖరం ఉండాల్సిన ఎత్తునే. దానికి పైన కూడా, అంతవరకు ఎవరికీ కనపడని చోట, గీత సన్నగా సాగుతూ పోయింది.

1958 అక్టోబరు 21న పెన్ స్టేట్‌లో రేడియో శాస్త్రవేత్తల సమావేశంలో గోర్డన్ తన సిద్ధాంతం గురించి మాట్లాడాలి. ఆ ప్రసంగానికి ముందే బౌల్స్ దగ్గర నుంచి ఫోన్ వచ్చింది: ప్రతిధ్వని దొరికిందని. సభలో గోర్డన్ తన లెక్కలు చెప్పి, అవి నిజమయ్యాయన్న కబురు కూడా తనే చెప్పాడు. తన ఆలోచనను ఇంకొకరు ముందుగా రుజువు చేస్తే ముఖం మాడ్చుకున్న శాస్త్రవేత్తలు చరిత్రలో కొల్లలు. వెయ్యి అడుగుల పళ్ళెం కావాలని తాను అంటున్న వేళ, తీగలు పరిచి పని కానిచ్చిన వాడి విజయాన్ని అదే వేదిక మీద నుంచి తన నోటితో ప్రకటించడం గోర్డన్ గొప్పతనమని నేను నమ్ముతాను.

అయితే బౌల్స్ ఫిల్ములో ఒక చిక్కుంది. ప్రతిధ్వని గోర్డన్ చెప్పినంత వెడల్పుగా లేదు. చాలా సన్నగా ఉంది. అందుకే అంత చిన్న యాంటెన్నాకు కూడా దొరికింది. శక్తి అంతా ఇరుకు పౌనఃపున్యాల్లో కుదురుకోవడంతో రొద మీదికి తేలింది. ఎలక్ట్రాన్ల వేగంతో లెక్క వేస్తే అంత ఇరుకు రాదు. మరి అంత మెల్లగా కదిలే కణాలేవి? బౌల్స్ తన వ్యాసంలోనే జవాబు ఊహించాడు: ఇది ఎలక్ట్రాన్ల పరుగు కాదు, బరువైన అయాన్ల (ఎలక్ట్రాన్ ఊడిపోయిన పరమాణువుల) నడక.

* * *

ఆ ఊహకు గణితం కట్టే పని మీద నాలుగు చోట్ల నలుగురైదుగురు పడ్డారు. కెనడాలో జూల్స్ ఫెయర్, ఇంగ్లండు కేంబ్రిడ్జిలో జాన్ డౌగర్టీ, డొనాల్డ్ ఫార్లీ, కోర్నెల్‌లో ఖగోళ భౌతికవేత్త ఎడ్విన్ సాల్పీటర్, మరికాస్త తర్వాత నార్వే నుంచి వచ్చిన టోర్ హాగ్‌ఫోర్స్. 1960, 61లలో వీరి వ్యాసాలు ఒకదాని వెంట ఒకటి వెలువడ్డాయి. దారులు వేరు. సాల్పీటర్ వాయువుల సిద్ధాంతం నుంచి వచ్చాడు. డౌగర్టీ, ఫార్లీ విద్యుత్ నిరోధాల్లో పుట్టే రొదకు నైక్విస్ట్ రాసిన సూత్రాన్ని తీసుకుని ఆకాశానికి వర్తింపజేశారు. చేరింది మాత్రం అందరూ ఒకే చోటికి. అంతమంది విడివిడిగా ఒకే ఫలితానికి రావడంతో ఇక సందేహానికి తావు లేకపోయింది.

విషయమిది. ఎలక్ట్రాన్‌ది రుణావేశం, అయాన్‌ది ధనావేశం. అయనావరణంలో ప్రతి అయాన్ చుట్టూ కొన్ని మిల్లీమీటర్ల మేర ఎలక్ట్రాన్లు దాన్ని కమ్ముకుని ఉంటాయి. పొలంలో గేదెల మంద మేస్తుంటే చుట్టూ తెల్లకొంగలు ఎగురుతుంటాయి చూడండి. ఒక్కో కొంగ చటుక్కున ఇటు వాలుతుంది, అటు లేస్తుంది. దూరపు గట్టు మీద నుంచి చూసేవాడికి మాత్రం ఆ తెల్లని గుంపు గేదెలు కదిలినట్టే మెల్లగా కదులుతుంది. రాడార్ అల పొడవు మిల్లీమీటర్లలో కాదు, మీటర్లలో ఉంటుంది, కనుక అది చూసేది దూరపు చూపే. అలను చెదరగొట్టేవి ఎలక్ట్రాన్లే, బరువైన అయాన్‌కు ఆ పని చేతకాదు. కానీ ఆ ఎలక్ట్రాన్ల గుంపు ఎటు ఎంత వేగంగా పోవాలో నిర్ణయించేది అయాన్. ఆక్సిజన్ అయాన్ బరువు ఎలక్ట్రాన్‌కు సుమారు 29 వేల రెట్లు. ఒకే వేడిలో దాని వేగం ఎలక్ట్రాన్ వేగంలో 170వ వంతు. ప్రతిధ్వని సన్నబడింది అందుకే.

గోర్డన్ ఊహించినట్టు ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా తిరిగే పక్షంలో ప్రతిధ్వని వెడల్పు ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రతను మాత్రమే చెప్పేది. నిజం వేరుగా ఉండబట్టి ఆకాశం ఒకే ప్రతిధ్వనిలో అంతకు ఎన్నో రెట్లు కబుర్లు పంపింది. తిరిగొచ్చిన శక్తిని పౌనఃపున్యాల వారీగా గీస్తే, మధ్యలో చిన్న పల్లం, రెండు వైపులా రెండు మూపురాలున్న బొమ్మ వస్తుంది. వాయువులో శబ్దం నడిచినట్టే అయాన్లలోనూ ఒక రకపు అలలు నడుస్తుంటాయి. మన వైపు వచ్చే అల ఒక మూపురం, దూరం పోయే అల రెండో మూపురం. ఆ బొమ్మ మొత్తం వెడల్పు అయాన్ల వేడిని చెబుతుంది. మధ్య పల్లం ఎంత లోతుగా ఉందో, మూపురాలు ఎంత నిటారుగా ఉన్నాయో చూస్తే ఎలక్ట్రాన్లు అయాన్ల కన్నా ఎన్ని రెట్లు వేడిగా ఉన్నాయో తెలుస్తుంది. రెండూ సమానమైన వేడిలో ఉంటే అలలు పుట్టినచోటే చాలావరకు అణగిపోయి పల్లం పూడుతుంది. ఎలక్ట్రాన్ల వేడి పెరిగేకొద్దీ అలలు నిలదొక్కుకుని మూపురాలు పొడుచుకొస్తాయి. బొమ్మ మొత్తం ఒక పక్కకు జరిగితే ఆ ప్రాంతపు అయాన్లన్నీ ఏ వేగంతో ఎటు కొట్టుకుపోతున్నాయో తెలుస్తుంది. వచ్చిన శక్తి మొత్తం ఎలక్ట్రాన్ల సంఖ్యను చెబుతుంది. ఎత్తు చెప్పడానికి ప్రతిధ్వని వచ్చిన వేళ ఉండనే ఉంది. అణువంత సంకేతంలో ఇంత సమాచారం దాగి ఉండడం ఈ ధారావాహికలో మనం చూసిన ప్రయోగాలన్నిటిలోకీ నన్ను ఎక్కువగా కదిలించిన సంగతి.

* * *

సిద్ధాంతం చేతికొచ్చింది. ఇక బొమ్మ గీయగల యంత్రాలు కావాలి. మొదటి అడుగులు మసాచుసెట్స్‌లోని మిల్‌స్టోన్ హిల్‌లో పడ్డాయి. ఎంఐటీ వారి లింకన్ ప్రయోగశాల అక్కడ క్షిపణుల రాకను పసిగట్టే పద్ధతులు పరీక్షించడానికి 440 మెగాహెర్ట్జ్ రాడార్ ఒకటి కట్టింది. స్పుత్నిక్‌ను కూడా అది వెంటాడింది. ఇంగ్లండులోని జోడ్రెల్ బ్యాంక్‌లో చంద్రుడి మీదికి రాడార్ అలలు పంపి రాటుదేలిన జాన్ ఎవాన్స్ 1960లో అక్కడ చేరాడు. ఆయన చేతిలో యుద్ధభయంతో పుట్టిన ఆ యంత్రం ఆకాశపు థర్మామీటరైంది.

1962 నాటికి ఎవాన్స్ రాత్రింబవళ్ళ లెక్కలు అచ్చువేశాడు. రాత్రిపూట ఎలక్ట్రాన్లు, అయాన్లు దాదాపు ఒకే వేడిలో ఉన్నాయి. తెల్లవారాక ఎలక్ట్రాన్లు వేరుపడి బాగా వేడెక్కుతున్నాయి. ఆ ఎత్తుల్లో పగటిపూట ఎలక్ట్రాన్లు 2,000 కెల్విన్ దాటుతుంటే అయాన్లు తరచు 1,000 పరిసరాల్లోనే ఉంటాయి. ఒకే చోట, ఒకే క్షణాన రెండు ఉష్ణోగ్రతలు! మన చుట్టూ ఉన్న గాలిలో ఇది జరగదు, ఎందుకంటే ఇక్కడ అణువులు క్షణక్షణం ఢీకొని వేడిని పంచేసుకుంటాయి. పైన పలచన. సూర్యుడి అతినీలలోహిత కిరణం ఆక్సిజన్ పరమాణువును తాకి ఒక ఎలక్ట్రాన్‌ను ఊడగొడుతుంది. ఆ కొత్త ఎలక్ట్రాన్ చాలా దూకుడుగా పుడుతుంది. తన శక్తిని ముందుగా పంచేది తోటి ఎలక్ట్రాన్లకే. 29 వేల రెట్ల బరువున్న అయాన్‌కు ఢీకొన్నా దక్కేది రవ్వంతే. విలియం హాన్సన్, ఫ్రాన్సిస్ జాన్సన్ ఈ సంగతి ముందే కాగితం మీద చెప్పారు. రాడార్ దాన్ని కళ్ళకు కట్టింది. అయనావరణం మొత్తం ఒకే వేడిలో ఉంటుందని నమ్మి వేసిన పాత లెక్కలన్నీ మళ్ళీ వేయాల్సి వచ్చింది.

* * *

ఇంతలో వెయ్యి అడుగుల పళ్ళెం ఏమైంది?

గోర్డన్ ఆర్పాను ఒప్పించాడు. క్షిపణి పోయిన దారిలో అయనావరణం ఎలా చెదురుతుందో తెలుసుకోవాలన్నది ఆర్పా ఆశ. గ్రహాల మీదికి రాడార్ పంపాలన్నది, పై ఆకాశాన్ని కొలవాలన్నది శాస్త్రవేత్తల ఆశ. గ్రహాలు నడినెత్తి దగ్గరగా రావాలంటే చోటు ఉష్ణమండలంలో ఉండాలి. తవ్వకం ఖర్చు తగ్గాలంటే నేలలో సహజంగానే గిన్నెలాంటి గుంట ఉండాలి. కోర్నెల్ సివిల్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్ డొనాల్డ్ బెల్చర్ వెతికి, ప్యూర్టో రికో దీవిలో అరెసీబో పట్నానికి దక్షిణాన ఉన్న సున్నపురాయి కొండల్ని ఎంచాడు. వాన నీరు వేల ఏళ్ళుగా రాతిని కరిగించి అక్కడ గుండ్రటి బిలాలు చేసింది. 1959 నవంబరులో ఒప్పందం కుదిరింది, 1960లో పనులు మొదలయ్యాయి. పళ్ళెం కదలదు గనుక దాన్ని గోళంలో ముక్కలా వంచి, పైన 150 మీటర్ల ఎత్తున మూడు స్తంభాల నుంచి తీగలతో వందల టన్నుల వేదికను వేలాడదీసి, దాని కింద సంకేతం అందుకునే భాగాన్ని అటూ ఇటూ కదిపేలా కట్టారు. కొండల్లో, వానల్లో, అంత ఎత్తున ఇనుప తీగల మీద పనిచేసిన కూలీల చేతి పని అది.

పళ్ళెం ఇంకా పూర్తి కాకముందే అందరికీ తెలిసిపోయింది: ప్రతిధ్వని సన్నం గనుక వంద అడుగుల పళ్ళెం సరిపోయేదని. విస్తీర్ణంలో నూరోవంతు! గోర్డన్ తొలి లెక్క సరిగ్గా వచ్చి ఉంటే ఎవరూ వెయ్యి అడుగులు అడిగేవారు కాదు, ఎవరూ ఇచ్చేవారూ కాదు. మొదలెట్టిన పని ఆపకపోవడం ఆ రోజుల్లో తీసుకున్న మంచి నిర్ణయాల్లో ఒకటి. 1963 నవంబరు 1న అరెసీబో ప్రారంభమైంది. అదే నెల 21న మన దేశంలో తుంబా తీరం నుంచి తొలి పరిశోధనా రాకెట్ లేచింది. 1965లో అరెసీబో రాడార్‌తోనే గోర్డన్ పెటెంగిల్, రోల్ఫ్ డైస్ బుధగ్రహం తన చుట్టూ తాను తిరగడానికి 88 రోజులు కాదు, 59 రోజులని కనుక్కున్నారు. 1974లో అక్కడే హల్స్, టేలర్ జంట పల్సార్‌ను పట్టుకుని తర్వాత నోబెల్ అందుకున్నారు. అయనావరణం కోసం అవసరానికి మించి కట్టిన యంత్రం ఖగోళానికి సరిగ్గా సరిపోయింది. 2020 డిసెంబరు 1న తీగలు తెగి వేదిక పళ్ళెం మీద కూలేదాకా, యాభై ఏడేళ్ళు నిలిచింది.

ఉష్ణోగ్రతల కథకు కూడా అరెసీబో ఒక అపురూపమైన ఘట్టం ఇచ్చింది. శీతకాలం. ఇంకా తెల్లవారలేదు. ప్యూర్టో రికో మీద పై ఆకాశం సైతం చీకట్లోనే ఉంది. సూర్యకిరణం తగలకుండా ఎలక్ట్రాన్లు వేడెక్కే దారి లేదు. అయినా రాడార్ బొమ్మలో వేడి పెరగడం మొదలైంది. హెర్బర్ట్ కార్ల్‌సన్ 1966లో కారణం రాశాడు. అరెసీబో మీదుగా పోయే భూ అయస్కాంత బలరేఖ వంగి, భూమధ్యరేఖ పైన చాలా ఎత్తుకు లేచి, దక్షిణార్ధగోళంలో అర్జెంటీనా వైపు దిగుతుంది. ఉత్తరాన శీతకాలం అంటే దక్షిణాన వేసవి. అక్కడ ముందే తెల్లవారుతుంది. అక్కడి ఎండకు ఊడిన ఎలక్ట్రాన్లు బలరేఖ పట్టుకుని వేల కిలోమీటర్లు ప్రయాణించి, ఇవతలి కొసన దిగి, చీకట్లో ఉన్న ఆకాశాన్ని వేడెక్కిస్తున్నాయి. దక్షిణ అమెరికా కొసన పొద్దు పొడిస్తే కరీబియన్ మీద ఆకాశం వెచ్చబడుతుందన్నమాట. ఇది ఏ ఐనోసోండూ చెప్పగలిగింది కాదు.

* * *

బౌల్స్ ఇల్లినాయ్ పొలంలో ఆగలేదు. అయస్కాంత బలరేఖలు నేలకు సమాంతరంగా పడుకుని ఉండే చోట ఆకాశం ఎలా ప్రవర్తిస్తుందో చూడాలనుకున్నాడు. అలాంటి గీతను అయస్కాంత భూమధ్యరేఖ అంటారు. మన తుంబాను రాకెట్ కేంద్రంగా ఎంచుకున్నదీ ఆ గీత కోసమే. బౌల్స్ అదే గీత మీద భూమికి అవతలి పక్కన, పెరూ రాజధాని లిమాకు తూర్పున జికమార్కా అనే చోటు ఎంచుకున్నాడు. వాన జాడ దాదాపు లేని ఎడారి లోయ. చుట్టూ ఉన్న కొండలు నగరపు రేడియో రొదను అడ్డుకుంటాయి. అక్కడ 1960, 61లలో 290 మీటర్ల చదరంలో 18,432 డైపోల్‌లు పరిచారు. పౌనఃపున్యం 50 మెగాహెర్ట్జ్. పళ్ళెం కాదు, స్తంభాలు లేవు, మళ్ళీ ఆ పాత పొలం పద్ధతే, కాకపోతే పద్దెనిమిది రెట్లు. సిద్ధాంతం రాసిన ఫార్లీ కూడా అరవైల్లో అక్కడికి వెళ్ళి ఆ కేంద్రాన్ని నడిపాడు.

జికమార్కా ఇచ్చిన పాఠం చిత్రమైనది. అల నేరుగా బలరేఖకు అడ్డంగా పైకి పోతే, అయాన్లకూ ఎలక్ట్రాన్లకూ ఆ దిశలో స్వేచ్ఛ ఉండదు, అవి బలరేఖ చుట్టూ గిర్రున తిరుగుతూ ఉండిపోతాయి. ప్రతిధ్వని బొమ్మ మరీ ఇరుకైపోయి ఉష్ణోగ్రత చదవడం కష్టమైంది. యాంటెన్నా చూపును కొద్ది డిగ్రీలు వంచి వేడిని కొలిచారు. కానీ ఆ ఇరుకుదనమే మరో వరమైంది. బొమ్మ ఎంత సన్నంగా ఉంటే, అది పక్కకు జరగడం అంత కచ్చితంగా తెలుస్తుంది. భూమధ్యరేఖ మీది ఆకాశం పగలు పైకి లేస్తుందని, రాత్రి కిందికి దిగుతుందని, ఆ వేగాలు ఎంతని రొనాల్డ్ వుడ్‌మన్ అక్కడే కొలిచాడు. వుడ్‌మన్ పెరూ బిడ్డ. అమెరికా వారు కట్టిన కేంద్రం 1969లో పెరూ భూభౌతిక సంస్థ చేతికొచ్చాక దాన్ని నిలబెట్టిన తరానికి ఆయన ముందు నడిచాడు. బయటివాళ్ళు సామాను వదిలి వెళ్ళిపోతే యంత్రాలు తుప్పుపట్టిన దేశాలు చాలా ఉన్నాయి. పెరూ ఆ గతి పట్టనివ్వలేదు. జికమార్కా నేటికీ పనిచేస్తోంది.

ఇన్‌కోహరెంట్ స్కాటర్ పద్ధతి తర్వాత ఉత్తరానికి వ్యాపించింది. అలాస్కాలో, తర్వాత గ్రీన్‌లాండ్‌లో, ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ దగ్గర ఇలాంటి రాడార్‌లు లేచాయి. ఆరు ఐరోపా దేశాలు కలిసి పెట్టిన ఐస్‌క్యాట్ 1981లో ధ్రువకాంతుల కింద కొలతలు మొదలుపెట్టింది. దాని తొలి డైరెక్టరు సిద్ధాంతకారుల్లో ఒకడైన ఆ హాగ్‌ఫోర్సే. 1958లో బౌల్స్ ఫిల్ము మీద సగటు తీసిన చోట ఇప్పుడు కంప్యూటర్లు క్షణక్షణం ఆ రెండు మూపురాల బొమ్మను లెక్కగట్టి, ఎత్తుల వారీగా ఉష్ణోగ్రతలు అచ్చువేస్తున్నాయి. పద్ధతి మాత్రం అదే.

బౌల్స్ తర్వాతి జీవితం మరో రంగానిది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగోకు వెళ్ళి, పాస్కల్ భాషకు చిన్న కంప్యూటర్ల మీద నడిచే రూపాన్ని విద్యార్థులతో తయారుచేయించాడు. డెబ్భైల చివర, ఎనభైల మొదట్లో ప్రోగ్రామింగ్ నేర్చుకున్నవారిలో ఎందరికో యూసీఎస్‌డీ పాస్కల్ పేరుతో అది పరిచయమే. గోర్డన్ 1966లో రైస్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు, 2010లో కన్నుమూశాడు. తన లెక్క తప్పినచోటే లోకానికి అరెసీబో దక్కిందని ఆయనకు బాగా తెలుసు.

ఇక వచ్చే భాగం. జికమార్కాలో పనిచేస్తుండగా వుడ్‌మన్‌కు, సహచరుడు అల్బెర్టో గియెన్‌కు కొన్ని ప్రతిధ్వనులు వచ్చాయి. అవి 300 కిలోమీటర్ల నుంచి కాదు, ఎలక్ట్రాన్లే దాదాపు లేని చాలా తక్కువ ఎత్తుల నుంచి. అక్కడ అలను చెదరగొడుతున్నది మామూలు గాలి. ఆ సంగతి 1974లో అచ్చయింది. దాంతో గాలిని కొలిచే కొత్త జాతి రాడార్‌లకు దారి పడింది. వాటిలో ఒకటి తిరుపతికి దగ్గర్లో, కొండల మధ్య గాదంకి అనే పల్లె పక్కన, 1990ల తొలి ఏళ్ళలో లేచింది. 53 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే ఆ రాడార్ కోసం నేల మీద నిలబెట్టిన యాంటెన్నా జతల సంఖ్య 1024. వాటి కథ పదో భాగంలో.